మగ్గం గుంత

పోయినేడు మా పాప చదివే డిగ్రీ కాలేజీలో ‘సంప్రదాయ దినం’ జరిపినారు. ఆడపిల్లలు చేనేత చీర గానీ, పట్టు లంగా ఓణీ గానీ కట్టుకోని రావాల. మగపిల్లలు పంచె, పైన కండువా. పాప ఇంటికొచ్చి, "నాయనా, మన సంప్రదాయం బట్ట ఏది?" అని అడిగింది. నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికే మనిషిని. ప్రబంధ నాయికల చీనాంబరాల గురించి పిల్లలకు గంటలు గంటలు చెప్పినవాణ్ణి. నాకు జవాబు రాలేదు. వసారాలో చింతపండు కొడుతున్న మా అమ్మే అందుకుంది: "మనకు సంప్రదాయమంటే ఒగటే సీర పాపా. అది ఉతికి ఆరేసిన పొద్దు కూలికి పోయేది ల్యా, గుడిసెలోనే కూసుండేది."

పాప నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేనేత మన సంస్కృతి, చీర మన సంప్రదాయం అని ఇన్నేండ్లుగా పుస్తకాల్లో, పత్రికల్లో చదువుతున్నాను. ఆ ‘మన’లో మా అమ్మ ఉందా? లేకపోతే ఎవరు తీసేసినారు? మా ఇంట్లో ఉండిన ఒక గుంత సంగతి చెప్తే తప్ప ఈ ప్రశ్న సాగదు.

మాది నల్లమాడ మండలంలో ఒక పల్లె. అటు కదిరి, ఇటు బుక్కపట్నం, పుట్టపర్తి. నేను పుట్టినప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ ఊరు ఊరే, వాడ వాడే. మా అవ్వ గుడిసెలో వాకిలి పక్కన, వెలుతురు పడేచోట, తొడల లోతు గుంత ఒకటి ఉండేది. నాకు తెలిసినప్పటి నుంచి అందులో కోడి పొదుగుతుండేది. వానాకాలం కట్టెలు దాచేవాళ్లు. మా వరసలో ఇంకో మూడు ఇండ్లలోనూ అట్లాంటి గుంతలే. గుడిసె అంటే గుంత ఉంటుందనే అనుకున్నా. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు ఆ గుంతలో కూర్చోని చదువుకుంటుంటే అవ్వ చూసి, "మీ తాత మాదిరే కూసున్నావు గదరా" అనింది. అప్పుడు తెలిసింది. అది మగ్గం గుంత. తాత దాని గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి దించి, తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేసేవాడంట.

మేము మాలలం. మాలలు నేసినారా అని ముక్కు మీద వేలేసుకునే చదువుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చాలా ఏండ్ల కిందట ఒక సెమినార్‌లో ఈ మాట అంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి "ఏం నేసినారు, గోనెసంచులా?" అని నవ్వినాడు. హాలంతా నవ్వింది. ఆరోజు నా దగ్గర అవ్వ మాట తప్ప ఆధారం లేక ఊరుకున్నా. ఆధారం వెదకడానికి పెద్ద కష్టపడాల్సిన పని లేదని తర్వాత తెలిసింది. సర్కారు అచ్చేసిన షెడ్యూల్డు కులాల జాబితా తీసి చూడండి. మాల, మాల దాసరి, మాల జంగం పేర్లతో పాటు ‘మాల సాలె, నేతని’ అని ఉంటుంది. మాల, సాలె అనే రెండు మాటలు ఒకే కులం పేరులో పక్కపక్కన కూర్చున్నాయి. ఉత్తర తెలంగాణలో నేతకాని వాళ్లు ఉన్నారు, వాళ్ల పేరులోనే నేత ఉంది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల పుస్తకం మాలలు ముతక నూలుగుడ్డ నేస్తారని చెప్తుంది. కన్నడ దేశంలో హొలెయలు, తమిళ దేశంలో పరయల్లో కొందరు ఇదే పని చేసినారు. ఇవన్నీ ఎవరో దాచిపెట్టిన కాయితాలు కావు. చేనేత గురించి రాసేవాళ్లు ఈ పేజీ తిప్పలేదు, అంతే.

తాత నేసింది పట్టు కాదు. దుప్పట్లు, పంచెలు, తువ్వాళ్లు, అంచులేని ముతక చీరలు. ఊరి ఆడోళ్లు వడికిన నూలు తెచ్చి ఇస్తే నేసి ఇచ్చేవాడు. కూలి గింజల్లో. పడుగును వాడ పొడుగునా చాపి గంజి పెట్టేవాళ్లు. "ఇంట్లో తాగేటందుకు గంజి లేకున్నా నూలుకు పెట్టేదానికి ఉండాల గదా నాయనా" అనేది అవ్వ. పెట్టకపోతే పోగు తెగుతుంది. తెగితే కూలి తెగుతుంది. నేసిన గుడ్డను తాత ఇంటి ముందర అరుగు కిందపెట్టి దూరంగా నిలబడాల. లోపలి నుంచి ఇంటామె చెంబుతో వచ్చి గుడ్డ మీద నీళ్లు చల్లుకోని ఎత్తుకోని పోయేది. అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒక మాట కలిపేది: "తడిసిన గుడ్డ బరువు తూగుతాది గదా, గింజలు మాత్రం పొడిగుడ్డకు కొలిసినట్లే కొలుస్తాండ్రి."

ఒళ్లు కప్పుకోవడానికి ఆ గుడ్డ కావాల. అది నేసిన చేతి అంటు మాత్రం నీళ్లతో పోవాల. చేనేత సాంస్కృతికార్థం అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఆ చెంబెడు నీళ్ల గురించే.

ఆ మగ్గం ఎప్పుడు పోయిందో అవ్వకు సరిగ్గా తెలియదు. కరువు ఒకటి వచ్చిందంది, మిల్లు గుడ్డ చవగ్గా సంతకు వచ్చిందంది. నూలు ఇచ్చేవాళ్లు ఇవ్వడం మానేసినారు. తాత బావులు తవ్వడానికి పోయినాడు. చరిత్రకారులు మాంచెస్టరు గుడ్డ గురించి, మిల్లుల గురించి చాలా రాసినారు. అందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లు గుడ్డ చంపింది పేదోళ్లు కట్టే ముతక గుడ్డను. జరీ అంచు పట్టుచీరను అంత సులభంగా చంపలేకపోయింది. ఎందుకంటే దానికి పెండ్లి ఉంది, గుడి ఉంది, సారె ఉంది, డబ్బున్న ఇంట్లో బీరువా ఉంది. మా గుడ్డకు కొనేవాడు లేడు, అది చచ్చిపోయింది. వాళ్ల గుడ్డకు కొనేవాళ్లు ఉన్నారు, అది బతికింది. బతికినదానికి ఇప్పుడు ‘సంప్రదాయం’ అని పేరు. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆప్కో అంగడి ఉంది. 2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినం ఉంది. మా తాత దుప్పటికి కనీసం ఒక పేరు కూడా మిగలలేదు. అవ్వ దాన్ని ‘మన గుడ్డ’ అనేది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బట్టల రకాలను వరసపెట్టి చెప్పినాడని పండితులు మురిసిపోతారు, మురిసిపోవాల్సిందే. వాడల్లో నేసిన గుడ్డల పేర్లు మాత్రం ఆ పండితులెవరూ అడగలేదు.

మా అవ్వ కాలంలో గుడ్డ పోతే, మా అమ్మ కాలంలో పట్టు వచ్చింది. మాకు తొడుక్కోను కాదు, చేయను. 1980ల్లో బోరు నీళ్లున్న రైతులు శెనక్కాయ నమ్ముకోలేక మల్బరీ పెట్టినారు. హిందూపురం, పెనుకొండ, మడకశిర దిక్కు అప్పటికే రేష్మె పంట బాగా ఉంది. అమ్మ ఆకు కోయడానికి పోయేది. మొదట్లో ఆకు గంప షెడ్డు వాకిట్లోనే దించి పోవాల, పురుగులకు మైల తగులుతుందని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పురుగు నాలుగో జ్వరం దాటి ఆకలి మీదున్నప్పుడు రాత్రీ పగలూ మేత వేయాల. చేతులు చాలలేదు. అప్పుడు అమ్మను లోపలికి పిలిచినారు. మైల ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. కూలీలు దొరక్కపోతే అంటు పోవడం నేను చాలా పనుల్లో చూసినా.

తర్వాత ఒక రెండేండ్లు అమ్మ హిందూపురంలో ఒక రీలింగు షెడ్డులో పనిచేసింది. అక్కడ ఆమె పక్కన పనిచేసింది ముస్లిం ఆడోళ్లు, మా వాడల ఆడోళ్లు. కిలో పట్టు దారం రావాలంటే ఏడెనిమిది కిలోల గూళ్లు కావాల. సలసల కాగే నీళ్లలో గూళ్లు ఉడుకుతుంటే వేళ్లతో కొసలు వెదికి పట్టుకోని రాట్నానికి ఎక్కించాల. సాయంత్రానికి వేలికొసలు నాని తెల్లగా, గుడ్డపీలికల మాదిరి అయ్యేవి. వాటితో సంగటి ముద్ద కలపలేక గరిటెతో తినేది. అన్నిటికంటే ఆమెను ఏడిపించింది వాసన. ఉడికిన పురుగు కంపు తల వెంట్రుకల్లో పట్టుకుంటే సీకాయ పెట్టి రుద్దినా పోదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు లేచి పోయేవాళ్లు. ఈ పనుల్లో బిడ్డలను అప్పుకు కుదువపెట్టుకున్న తీరు మీద హ్యూమన్ రైట్స్ వాచ్ 2003లో ఒక నివేదిక వేసింది. కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ సంగతులు అందులో ఉన్నాయి. ఆ బిడ్డల్లో ఎక్కువమంది దళితులు, ముస్లింలు.

ఆ దారం ధర్మవరం పోతుంది. సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీస్తారు, రంగు అద్దుతారు, పడుగు పోస్తారు, జరీ కలుపుతారు, నేస్తారు. చివరికి అది పూజగదిలోకి పోతుంది. అక్కడ దాని పేరు మడి. నూలుచీర అయితే ఉతికి ఎవరూ తాకకుండా ఆరేసుకోవాల, పట్టుకు ఆ పట్టింపు తక్కువ. పట్టుకు అంటు లేదంటారు. అమ్మకు ఈ మాట నేను చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "అంటుంటే వాళ్లు కట్టుకోలేరు గదా మరి" అనింది. బ్రాహ్మణీయ శౌచ సిద్ధాంతం మీద ఇంతకంటే పదునైన విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆకు కోసిన చేయి, పురుగుకు మేపిన చేయి, గూడు ఉడికించిన చేయి అన్నీ మైలవే అయినప్పుడు, ఆ మైలను లెక్కపెట్టకుండా ఉండేందుకే పట్టుకు ఆ మినహాయింపు ఇచ్చుకున్నారని నాకు అనిపిస్తుంది.

ఇక రాతల సంగతి. మా ప్రాంతం చీరల గురించి ఏ వ్యాసం చదివినా లేపాక్షి దగ్గర మొదలవుతుంది. పదహారో శతాబ్దపు వీరభద్రాలయం పైకప్పు మీది బొమ్మల్లో స్త్రీలు కట్టిన చీరల అంచులు, వాటిని చూసి ఇప్పటి నేతలో దించిన డిజైన్లు. బొమ్మలు గొప్పవే. నేను కాలేజీ పిల్లలతో పోయి మెడ నొప్పి పుట్టేదాకా చూసినా. కానీ ఆ కప్పు మీదిది ఎవరి బీరువా? రాజులది, అధికారులది, దేవుళ్లది. ఆ అంచులు ‘తెలుగువారి వస్త్ర వారసత్వం’ ఎట్లా అయినాయి? కప్పు మీద కిరాతార్జునీయం కూడా ఉంది. శివుడు బోయ వేషం కడితే లీల. బోయవాడు తన వేషంతోనే ఆ కాలంలో గర్భగుడి దాకా పోగలిగి ఉంటాడా? డిజైను తీసుకున్నవాళ్లు అంచు దాకా చూసి ఆగిపోయినారు.

అభ్యుదయ కవులు వేరే దారిలో పోయినారు. నేతగాడు లోకానికి మానం కప్పినాడు, తాను మాత్రం దిసమొలతో ఉన్నాడు అనే పోలిక మన కవిత్వంలో అరిగిపోయింది. అందులో సానుభూతి ఉంది, నిజం సగమే ఉంది. లోకానికి మానం కప్పినాడంటే ఏ లోకానికి? తిరువాన్కూరులో నాడార్ ఆడోళ్లు పై గుడ్డ కప్పుకోవడానికి దశాబ్దాలు కొట్లాడితే 1859లో రాజు అనుమతించినాడు, అదీ పై కులాల స్త్రీల మాదిరి కప్పుకోకూడదనే షరతుతో. మనుధర్మశాస్త్రం 10వ అధ్యాయం 52వ శ్లోకం చండాలుడు పీనుగు మీది గుడ్డలే కట్టుకోవాలంటుంది. హరిశ్చంద్ర నాటకం కాటిసీను మన పల్లెల్లో తెల్లవార్లూ ఆడినారు. రాజు కాటికాపరి అయి పీనుగు మీది గుడ్డ కోసం చేయి చాపితే జనం కండ్ల నీళ్లు పెట్టుకున్నారు. ఆ పనే తరతరాలుగా చేసిన మా చిన్నతాత కోసం ఎవరూ ఏడవలేదు. ఆ సీనులో జాషువా పద్యాలు పాడి చప్పట్లు కొట్టించుకున్న నటుల్లో ఎంతమంది జాషువాను పక్కన కూర్చోబెట్టుకుని ఉందురో కూడా ఆలోచించండి. బట్ట అందరి మానమూ కాయలేదు. ఎవరి మానం కాయాలో, ఎవరిది కాయకూడదో తేల్చే గుర్తుగా కూడా బట్ట పనిచేసింది.

సినిమాలు కొంత మెరుగు. 2008లో ప్రియదర్శన్ తీసిన ‘కాంచీవరం’ చూసి నేను రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయినా. కూతురి పెండ్లికి పట్టుచీర ఇవ్వాలని నేతగాడు రోజూ నోట్లో పోగు దాచి తెచ్చుకుంటాడు. నేసినవాడికి నేసింది దక్కదని ఇంత బలంగా చెప్పిన సినిమా లేదు. 2019లో వచ్చిన ‘మల్లేశం’ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూపించింది, చీరలో ఆడదాని చేయి ఉందని చెప్పింది. రెండూ మంచి సినిమాలే. రెండూ మగ్గం ఇంటి గడప దగ్గర మొదలవుతాయి. ఆ నేతగాడు నోట్లో దాచిన పోగు ఎవరి వేలికొసల మీదుగా వచ్చిందో సినిమాకు తెలియదు. కూతురు పట్టుచీరలో పెండ్లి కూర్చోవాలనే కల ఎవరింట్లో పుట్టి అతని ఇంటికి వచ్చిందో కూడా అడగదు. పట్టు లేకపోతే పెండ్లి పెండ్లి కాదని ఒప్పుకున్నాకే ఆ కథలో కన్నీళ్లు వస్తాయి.

అంబేడ్కర్ ఈ సంగతి ఎంత తొందరగా పట్టుకున్నాడో చూడండి. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతి తగలబెట్టిన తర్వాత ఆయన ఆడోళ్లతో ప్రత్యేకంగా మాట్లాడినాడు. మీరు చీర కట్టే తీరు చూసే మీరు అంటరానివాళ్లని లోకం గుర్తుపడుతుంది, ఆ కట్టు మార్చండి, ఆ బరువు వెండి నగలు తీసేయండి అన్నాడు. మర్నాటికే చాలామంది కట్టు మార్చినారు. చీర ఆచారమనే పేరుతో కులాన్ని మోస్తుందని ఆయనకు తెలుసు. 1921లో మదురైలో గాంధీ పై బట్ట వదిలి కొల్లాయి కట్టినాడు, అది త్యాగమైంది. మా తాత బతుకంతా గోచితోనే ఉన్నాడు, అది అనాగరికమైంది. అంబేడ్కర్ సూటు వేసుకుంటే, జనానికి దూరమైనాడని ఎత్తిపొడిచినారు. మా వాడలో మాత్రం ఏప్రిల్ 14న పిల్లోళ్లు ఆ సూటు బొమ్మకే దండ వేస్తారు.

ఇట్లా రాస్తే నేతన్నల మీద కక్ష అనుకునేవాళ్లు ఉంటారు. పద్మశాలీలు, తొగటలు, దేవాంగులు, కుర్నీలు ధర్మవరంలో ఎట్లా బతుకుతున్నారో నాకు తెలుసు. సావుకారి అప్పు, పవర్‌లూమ్ పోటీ, చివరికి ఉరితాడు. 1985లో చేసిన చట్టం కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే అని చెప్పింది. అయినా ఆ రకాలే మర మీద దిగుతున్నాయి. వాళ్లు మా శత్రువులు కారు. చీర పొగడ్తలో మాతో పాటు వాళ్లూ కనబడరు. వాళ్ల పేరుతో జరిగే సభల్లో కనబడేది చీరే.

నిజానికి ఇప్పుడు ఆ మగ్గాల్లో మావాళ్లూ ఉన్నారు. మా చిన్నాయన కొడుకు పదహైదేండ్లుగా ధర్మవరంలో కూలి మగ్గం నేస్తాడు. వానలు లేక పోయినాడు, పని నేర్చుకున్నాడు. ఇల్లు అద్దెకు అడిగిన చోటల్లా మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" 2019 డిసెంబరులో ధర్మవరంలోనే ‘నేతన్న నేస్తం’ మొదలుపెట్టినారు. సొంత మగ్గం ఉన్నవాళ్లకు ఏడాదికి 24 వేలు ఇచ్చేవాళ్లు. వీనికి సొంత మగ్గం లేదు, రాలేదు. "నేసేది నేను, నేతన్న ఎవురో" అంటాడు. వాని పెండ్లికి పెండ్లికూతురికి మర నేసిన చీర కొన్నాడు. తాను నేసే చీర వెల అతని మూడు నెలల కూలి. తాత కాళ్లు పెట్టిన గుంత పూడిపోయింది, మనవడు ఇంకొకని ఇంట్లో గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

పాప సంగతి సగంలో వదిలేసినా. ఆ దినం ఆమె చుడీదారే వేసుకోని పోయింది. ఎందుకు చీర కట్టలేదని మేడం అడిగితే "మా బట్ట ఇప్పుడెవరూ నేయరు మేడం" అనిందంట. మేడం అర్థం కాక ఊరుకుందంట. అట్లా అనొచ్చునా అని పాప నన్ను అడిగింది. ఎందుకనకూడదు అన్నా. పట్టుచీర కడతానంటే కూడా కట్టుకోమనే చెప్పి ఉందును. వాళ్ల అవ్వ చేతుల పని అందులో ఉంది, ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఆదివారాలు పక్కపల్లెల వాడలు తిరుగుతున్నాం. ముసలోళ్లను రెండే అడుగుతాం: మీ ఇండ్లలో గుంత ఉండేదా, అందులో నేసిన గుడ్డను ఏమనేవాళ్లు? చాలా గుడిసెలు కాలనీ ఇండ్లు అయినాయి, గుంతల మీద బండలు పడినాయి. చెప్పేవాళ్లు తొంబై ఏండ్లకు దగ్గరపడినారు. చదువుకునే పిల్లలు ఎవరి మండలంలో వాళ్లు తొందరగా ఈ పని ఎత్తుకోవాల. మా ముందుతరం వాళ్లను మేమే అడగక పోగొట్టుకున్నాం. పోయిన నెల ఒక పల్లెలో ఒక ముసలాయన లోపలికి పిలిచి మంచం జరిపి గుంత చూపించినాడు. అందులో రెండు మేకపిల్లలు కట్టేసి ఉన్నాయి. గుడ్డ పేరు అడిగితే గుర్తు రావడం లేదన్నాడు. మళ్లీ రండి, మా అక్క ఉంది, ఆమెను అడిగి పెడతానన్నాడు.